ఊరికే చూసొచ్చిన సముద్రం

మా ఇంట్లో ఊరికే ఎక్కడికైనా పోయినవాళ్లు నాకంటే ముందు ఎవరూ లేరు. పోవడానికి ఒక కారణం ఉండాలి. పెళ్లికి పోతారు, చావుకు పోతారు, మొక్కు ఉంటే వేములవాడకో ధర్మపురికో పోతారు. ఊళ్లో పని దొరక్కపోతే భివండికో సూరత్‌కో పోతారు. బస్సెక్కే మనిషి చేతిలో సామాను చూస్తే చాలు, ఎక్కడికి పోతున్నాడో అడగక్కరలేదు. ఒడిబియ్యం మూట ఉంటే పుట్టింటి పని, కొబ్బరికాయల సంచి ఉంటే దేవుడి పని, పరుపుచుట్ట ఉంటే పొట్టకూటి పని. ఎవరూ రమ్మనకుండా, ఏ పనీ లేకుండా, వీపు మీద సంచి వేసుకుని సముద్రం మధ్య దీవిలో ఒంటరిగా తిరిగి రావడం మా వాడకట్టులో ఎవరూ కనీవినీ ఎరుగరు. ఆ ఘనకార్యం నేను చేశాను.

మాది కరీంనగర్ జిల్లాలో సాంచెల ఊరు. సాంచె అంటే కరెంటుతో నడిచే మగ్గం. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మాటలు గట్టిగా మాట్లాడాల్సిందే, అంత చప్పుడు. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు వేరేవాళ్ల షెడ్డులో సాంచెలు నడిపేవాడు, అవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. వాళ్లిద్దరూ ఒళ్లు హూనం చేసుకుని చదివిస్తే నేను సర్కారు బడిపంతులునయ్యాను. ఆదిలాబాద్ జిల్లాలో, ఇచ్చోడ నుంచి లోపలికి పోయే ఒక పల్లెలో ఉద్యోగం. ఇచ్చోడలో గది తీసుకుని ఉండేవాణ్ణి. పందొమ్మిది వందల తొంభై దాటిన కొత్త అది. నాకింకా పెళ్లి కాలేదు.

ఒకసారి చలికాలంలో ఇచ్చోడ బస్టాండు దగ్గర ఒక తెల్లవాడు దిగాడు. వీపు మీద అతని తలకంటే ఎత్తున్న సంచి. చుట్టూ జనం మూగారు. నన్ను చూసి, "సారూ, మీరడుగుండ్రి, ఏం కావాల్నో" అని ముందుకు తోశారు. నాకొచ్చిన ఇంగ్లీషు బడిలో పాఠం చదవడానికి సరిపోయేది, మనుషులతో మాట్లాడటానికి కాదు. అయినా పరువు పోతుందని అడిగాను. అతను జలపాతం చూడటానికి వచ్చాడట. ఇక్కణ్ణించి మద్రాసు పోయి, ఓడెక్కి అండమాన్ దీవులకు పోతాడట. ఎందుకని అడిగితే నవ్వి, "ఊరికే" అన్నాడు. అదే జనానికి చెప్పాను.

"ఊకెనా?" అన్నాడు మిర్చిబజ్జీలు వేసే ముసలాయన. "పెండ్లాం ఎల్లగొట్టిందేమో అడుగు సారూ."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ గదికి పోయాక నవ్వు రాలేదు. అతను ఎంత తేలిగ్గా చెప్పాడా మాట! కారణం లేకుండా కదిలే హక్కు అతనికి పుట్టుకతో వచ్చినట్టుంది. నాకు ఈర్ష్య కలిగింది. ఇరవై ఆరేళ్ల మనిషికి, సొంత సంపాదన ఉన్నవాడికి, ఒక్కసారి ఊరికే పోయి రావడానికి ఏం అడ్డు? ఆ ప్రశ్న ఆ చలికాలమంతా నన్ను వదల్లేదు.

హైదరాబాద్ పోయినప్పుడు పాతసామాన్ల బజారులో వీపుసంచి కొన్నాను. పట్టీలు వెడల్పుగా, గుడ్డ దళసరిగా, గట్టి సంచి. మిలిటరీవాళ్లు వాడి వదిలేసింది. ముదురు ఆకుపచ్చ రంగు. పక్క దుకాణంలో అదే రంగు కాన్వాసు బూట్లు కూడా దొరికాయి. ఆ కాలంలో మా రెండు జిల్లాల్లో ఆ రంగు సంచి వీపున వేసుకుని, ఆ రంగు బూట్లతో నడిచేవాళ్లు రెండు రకాలే ఉండేవారు. ఒకరు పోలీసులు. ఇంకొకరు అడవిలో తుపాకి పట్టుకుని తిరిగే నక్సలైట్లు. వాళ్లను మా దగ్గర అన్నలు అనేవారు. ఇంట్లోంచి పోయి వాళ్లలో కలిసిన పిల్లవాణ్ణి గురించి "లోపటికి పోయిండు" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఇదంతా నాకు తెలియనిది కాదు. కానీ ఆ సంచి కొనేటప్పుడు నాకు ఆ తెల్లవాడి వీపు తప్ప వేరే ఎవరి వీపూ గుర్తుకు రాలేదు.

ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. దాచలేదు. ఈ ముక్క ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పకుండా పోయాననే తర్వాత అందరూ అనుకున్నారు.

"బాపూ, అండమాన్ పోతున్న."

బాపు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "అండమానా? గది జైలు గద."

"గది ఎనకట. ఇప్పుడు అందరు సూడవోతున్నరు. సముద్రంల దీవులు."

"ఏం పని?"

"పనేం లేదు. ఊకె సూసి వస్త."

"బడోళ్లు పంపుతున్నరా?"

"లేదు."

"దోస్తులెవరన్న వస్తున్నరా?"

"ఒక్కన్నే."

బీడీలు చుడుతున్న అవ్వ తలెత్తింది. "నీళ్ల నడుమ ఒక్కనివి ఏం జేస్తవ్ బిడ్డా?"

నాకు విసుగొచ్చింది. తెల్లవాణ్ణి అతని అవ్వ ఇట్లా అడిగి ఉంటుందా అనుకున్నాను. "ఏం జెయ్య. ఊకె తిరుగుత, మల్ల వస్త. గింత ఫికరెందుకు?" అని గట్టిగానే అన్నాను.

బాపు "పైలం కొడుకా, జాగ్రత్తగ పోయి రా" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో అన్నం ఇంకా మిగిలే ఉంది.

మద్రాసులో ఓడెక్కాను. అన్నిటికంటే అడుగున, వరుసగా ఇనుప మంచాలు వేసిన చోట నాకు పడక. సముద్రం చూడటానికి పోతూ మూడు రోజులూ సముద్రం వైపు చూడలేకపోయాను. తల తిప్పితే వాంతి. పక్క మంచం మీది ముసలమ్మ నాకు నిమ్మకాయ వాసన చూపించి, చంటిపిల్లల కంటే అన్యాయంగా ఉన్నావని తిట్టింది. వాంతులు చేసుకుంటూ విహారానికి పోయే మనిషిని చూసి జాలిపడాలో నవ్వాలో ఆమెకు తోచినట్టు లేదు.

పెద్ద దీవిలో దిగి, అక్కడినుంచి చిన్న పడవలో ఇంకో దీవికి పోయాను. దాని అందం గురించి అప్పటికే దేశమంతా చెప్పుకునేవారు. కొత్తగా పెళ్లయిన జంటలు, తెల్లవాళ్లు వచ్చేవారు. పడవ దిగి వీపుసంచితో నాలుగడుగులు వేశానో లేదో, ఒక కొత్త పెళ్లికొడుకు చిటికె వేసి పిలిచాడు. తన రెండు పెట్టెలూ చూపించి, అతిథి గృహం దాకా మోయడానికి ఎంత తీసుకుంటావని హిందీలో అడిగాడు. నేను కూలీని అనుకున్నాడు. నేనూ చూడటానికే వచ్చానని చెప్పాను. అతను నా బూట్లు చూశాడు, సంచి చూశాడు, నా పక్కన ఎవరూ లేకపోవడం చూశాడు. "ఒక్కడివేనా?" అన్నాడు. అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్లవాడు సంచి మోస్తే యాత్రికుడు, నేను మోస్తే కూలీ. కోపం వచ్చింది కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చివరకు ఆ పెట్టెల్లో ఒకటి నేనే పట్టుకుని పోయాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

కొబ్బరితోటలో గుడిసె కట్టుకుని ఉన్న ఒక బెంగాలీ పెద్దాయన నాకు పడుకోవడానికి చోటిచ్చాడు. చేపల కూర, అన్నం వాళ్లింట్లోనే. ఆయన కూడా మొదట అడిగింది అదే. "ఇంట్లో ఏమైనా గొడవా?" "ఐసే హీ", ఊరికేనే అన్నాను. ఆయన తల ఊపాడు కానీ నమ్మలేదు. ఆ రోజు నుంచి నేను నీళ్ల వైపు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను గమనించేలా చూశాడు. సముద్రంలో పడి చస్తానని ఆయన భయం.

ఈత రాదు నాకు. మా ఊరి వాగు ఎండాకాలంలో మోకాలు లోతు కూడా ఉండదు. ఒడ్డున అందరూ చిన్న చిన్న గుడ్డలతో ఉంటే నేను లుంగీ, బనీనుతో నీళ్లలోకి దిగాను. లుంగీలోకి గాలి దూరి బూరెలా పైకి లేచింది. దాన్ని రెండు చేతులా కిందికి నొక్కుతుంటే అల వచ్చి నన్ను ఒడ్డుకు విసిరింది. లేచేసరికి నా ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. తెల్ల ఆడవాళ్లు ఇద్దరు నా లుంగీ తెచ్చి, మర్యాదగా అటు తిరిగి చెయ్యి చాచి ఇచ్చారు. ఆ రోజు గుడిసెలోంచి బయటికి రాలేదు. తిరిగి పోదామనుకున్నాను, పడవ లేదు.

అయితే మర్నాడు పోయాను. ఆ ఇద్దరిలో ఒకామె కళ్లకు పెట్టుకునే అద్దం ఇచ్చి, ముఖం నీళ్లలో పెట్టి చూడమని సైగ చేసింది. నడుము లోతు నీళ్లలో వంగి చూశాను. ఆ కింద ఇంకో లోకం ఉంది. పసుపు చారల చేపలు, నీలం చేపలు, పూలచెట్ల మాదిరి పగడాలు. చేపలు నా వేళ్ల మధ్యనుంచి పోయాయి. ఒకటి నా బొటనవేలు రుచి చూసింది. ఊపిరాడక తలెత్తడం, మళ్లీ ముంచడం. గట్టిగా నవ్వితే ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. అంత సంతోషం అంతకుముందు నాకు ఎప్పుడూ కలగలేదు. ఎవరికీ ఉపయోగపడని సంతోషం. ఎవరికీ ప్రసాదంగా పంచలేని సంతోషం.

తర్వాత భయం పోయింది. పొద్దున్నే సంచి వీపున వేసుకుని ఒడ్డు వెంబడి నడిచేవాణ్ణి, చొక్కా విప్పేసి. నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఎంతో దూరం ఇసుక బయటపడేది, దాంట్లో నడుచుకుంటూ పోయేవాణ్ణి. ఒకసారి బూట్లు విప్పి రాయి మీద పెట్టి పోతే తిరిగొచ్చేసరికి నీళ్లు వచ్చేసి బూట్లు తేలిపోయాయి. వాటి వెంట అరుచుకుంటూ పరిగెత్తాను. భుజాలు కాలి తోలు ఊడింది, సంచి పట్టీలు ఉన్నచోట మాత్రం తెల్లగా మిగిలింది. అద్దంలో చూసుకుని మురిసిపోయాను.

అంతలో వానలు పట్టుకున్నాయి. చిన్న పడవలు ఆగిపోయాయి, పెద్ద దీవికి చేరేసరికి ఓడ కూడా ఆలస్యమన్నారు. బడి తెరిచే రోజు దాటిపోయింది. బొమ్మ ఉన్న కార్డు ఒకటి ఇంటికి, ఒకటి బడికి రాసి పోస్టు చేశాను. ఆ ఉత్తరాలు కూడా నేనెక్కాల్సిన ఓడలోనే పోతాయని పోస్టాఫీసులో చెబితే నవ్వుకున్నాను. టెలిగ్రామ్ ఇవ్వొచ్చు. కానీ మా వాడకట్టులో టెలిగ్రామ్ వస్తే చావు కబురే. కాగితం చూడకముందే అవ్వ శోకం పెడుతుంది. ఆ భయంతో ఇవ్వలేదు.

మద్రాసు నుంచి కాజీపేట, అక్కడినుంచి కరీంనగర్, అక్కడినుంచి మా ఊరు. మధ్యాహ్నం బస్సు దిగి నడుస్తుంటే తెలిసినవాళ్లు కనిపించారు. పలకరించబోతే తలలు తిప్పుకున్నారు. ఒకాయన నన్ను చూసి పక్క సందులోకి పోయాడు. సముద్రం చూసొచ్చిన గర్వంలో ఉన్నాను కదా, నల్లబడిపోయాను, గుర్తుపట్టలేదనుకున్నాను.

గుమ్మంలో అవ్వ నన్ను చూసి లేచింది. నన్ను ముట్టుకోలేదు. సంచి పట్టీ పట్టుకుని లోపలికి గుంజింది. "ముందుగల్ల గీ సంచి లోపటికి తే" అంటూ దాన్ని మూలకు తోసి మీద గోనెపట్టా కప్పింది. అప్పుడు నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది.

"ఎవ్వలన్న సూసిండ్రా? ఎనక నుంచి పో బిడ్డా. తిని పో. జల్ది తిని మల్ల పో."

"ఏడికి పోవాలె? ఏమైందవ్వా? బాపు ఏడి?"

"ఠాణల. పొద్దుగాల పోతడు, పొద్దుమీకి ఇడుస్తరు. రోజు గంతే."

బడి తెరిచినా నేను రాకపోవడంతో కబురు నడిచింది. పెళ్లికాని పంతులు, అడవి పక్క ఊళ్లో ఉద్యోగం, పచ్చసంచి వేసుకుని పొద్దున్నే బస్సెక్కగా చూసినవాళ్లున్నారు. ఇంకేం కావాలి? లోపటికి పోయిండని ఊరంతా తీర్మానించింది. పోలీసులు ఇంటికొచ్చారు. నేను దొరికేదాకా రోజూ వచ్చి ఠాణా అరుగు మీద కూర్చోమని బాపుకు చెప్పారు. ఆయన షెడ్డు పని పోయింది. నేను నీళ్లలో ముఖం పెట్టి చేపలను చూసి నవ్వుతున్న రోజుల్లో, బూట్ల వెంట పరిగెత్తిన రోజుల్లో, బాపు అక్కడ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

అవ్వ వద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. విడిపించుకుని ఠాణాకు పోయాను.

బాపు అరుగు మీద, తువ్వాల తలకు చుట్టుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. సగమైపోయాడు. నన్ను చూసి ఆయన ముఖంలో సంతోషం రాలేదు. భయం వచ్చింది.

"గీడికెందుకొచ్చినవ్?" అన్నాడు నోట్లోనే.

అప్పటికే జవాను నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరినీ ఎస్సై ముందు నిలబెట్టారు. ఎస్సై కోస్తావైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు. చొక్కా విప్పమన్నాడు. విప్పాను.

"సూడుండ్రి సారూ, గీతలు" అన్నాడు జవాను నా భుజాల మీద తెల్లటి గుర్తులు చూపిస్తూ. "తుపాకి పట్టీలే."

ఎస్సై లేచి దగ్గరికొచ్చి నా తోలు ఊడిన చోట వేలితో గీకాడు. "ఇది అడవిలో కమిలింది కాదురా. ఉప్పునీళ్లకీ ఎండకీ ఊడింది. చిన్నప్పుడు మా ఒళ్లన్నీ ఇలాగే ఉండేవి." మళ్లీ కూర్చున్నాడు. "మాది సముద్రం ఒడ్డు ఊరు మాస్టారూ. మీరు నిజంగా చూసొచ్చారో, ఎవరో చెప్పింది బట్టీపట్టారో నాకు ఇట్టే తెలిసిపోతుంది. చెప్పండి. ఎలా ఉంది?"

చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ల రంగు చెప్పాను. ఒడ్డున తెల్లగా, కొంచెం లోపలికి లేత ఆకుపచ్చగా, ఆ తర్వాత నీలంగా ఎట్లా మారుతుందో చెప్పాను. మా సముద్రం అంత శుభ్రంగా ఉండదన్నాడు ఎస్సై. ఆటుపోట్ల సంగతి అడిగాడు. బూట్లు తేలిపోయిన కథ చెప్పాను. ఎస్సై పగలబడి నవ్వాడు. నాకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. బాపును కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడి నిలబడి ఆయనే గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను కుర్చీలో కూర్చుని చాయ్ తాగాను.

ఒక సంగతి నాకు అర్థమైంది. నేనెంత సుఖపడ్డానని రుజువైతే అంత తొందరగా మమ్మల్ని వదిలేస్తారు. నేను దేశం కోసం, పేదల కోసం, ఎవరి కోసమూ ఏమీ చేయలేదని, ఉత్త షికారు చేశానని తేలాలి. అందుకని ఏదీ దాచుకోలేదు. చేపల సంగతి చెప్పాను. కొబ్బరినీళ్లు తాగి పగలంతా పడుకున్న సంగతి చెప్పాను. లుంగీ కథ కూడా చెప్పాను. జవాన్లు చుట్టూ చేరి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఒకడు అడగనే అడిగాడు. "గాడ తెల్లోళ్ల ఆడోళ్లు బట్టలు లేకుంటనే తిరుగుతరట గద సారూ?"

బాపు ముందు దానికీ జవాబు చెప్పాను. నవ్వుతూ చెప్పాను. వాళ్లు నవ్వినకొద్దీ నాకు ధైర్యం వచ్చింది, ధైర్యం వచ్చినకొద్దీ ఇంకా రంగులు అద్దాను. మధ్యలో ఒకసారి బాపు వైపు చూశాను. నేల వైపు చూస్తున్నాడు. ఆయన కాళ్లకు చెప్పులు లేవు. ఎస్సై "ఊఁ, తర్వాత?" అన్నాడు, నేను కొనసాగించాను. ఆ కుర్చీలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. అయినా నోరు ఆగలేదు.

చివరకు ఎస్సై ఒళ్లు విరుచుకుని, బాపు వైపు తిరిగాడు. "మీవాడు నిజంగానే షికారుకు పోయాడయ్యా. అదృష్టవంతుడు. ఇక ఇంటికి తీసుకుపో."

బాపు లేచి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది సారూ" అన్నాడు.

ఏం తప్పయిందో ఆయన చెప్పలేదు, వాళ్లు అడగలేదు. నేను చొక్కా తొడుక్కున్నాను.

ఇంటికి నడిచాం. బాపు రెండడుగులు ముందు, నేను ఆయన ఎడమ పక్కన వెనకగా. ఏదో ఒకటి మాట్లాడాలని, ఓడ ఆలస్యమైందని చెప్పాను. ఉత్తరం రాశానని చెప్పాను. ఆయన తల తిప్పకుండా నడుస్తూనే ఉన్నాడు. కోపంగా ఉన్నాడనుకున్నాను, ఉండాలి కూడా. వాగు మీది వంతెన దాటాక ఆగి నా వైపు తిరిగాడు.

"గిటు పక్కకు రా" అన్నాడు కుడిచెయ్యి చూపిస్తూ. "సారుకు నువ్వు చెప్పింది నాకు సగమే ఇనవడ్డది. గా చేపల ముచ్చట మల్ల చెప్పు."

"ఎందుకు ఇనవడలే? ఏమైంది?"

"గీ చెవు పని చేస్తలేదు. అవ్వతోటి అనకు. సాంచెల సప్పుడుకు పోయిందని చెప్పిన."

సాంచెల చప్పుడుకు చెవులు పోతే రెండూ పోతాయి. పైగా అవి మామూలు చెవులు కావు. షెడ్డులో అన్ని సాంచెలూ ఒక్కసారి కొట్టుకుంటుంటే, ఎక్కడో మూలన ఒకదాని చప్పుడు తేడాగా ఉందని బాపు చూడకుండానే చెప్పేవాడు. నేను ఇంట్లోంచి పోయేనాటికి ఆ ఎడమచెవి నిక్షేపంగా ఉంది.

"కొట్టిండ్రా బాపూ?"

బాపు నడుస్తూనే చెప్పాడు. "కొడుకు ఏడవాయె అని అడిగిండ్రు. సముద్రం సూడవోయిండని చెప్పిన. ఝూటా మాట్లాడుతున్నవని ఒక్కటిచ్చిండ్రు. మల్ల అడిగిండ్రు. మల్ల గదే చెప్పిన."

"నిజమే చెప్పినవు గద" అన్నాను.

"నిజమని నాకెరుకనా?" అన్నాడు బాపు. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు లోపటికి పోయినవనే అనుకున్న. నాకు చెప్పలేక, సముద్రం అని ఓ సాకు చెప్పి పోయినవనుకున్న. నువ్వు ఏం చెప్పి పోయినవో గదే చెప్పాలె గద నేను. మాట మారిస్తె నిన్ను దొరకవడుతరని గదే చెప్పుకుంట కూసున్న."

నా అబద్ధం అనుకుని, దాన్ని కాపాడటానికి ఆయన దెబ్బలు తిన్నాడు. అది అబద్ధం కాదు. తన కొడుకు ఎవరికోసమో ప్రాణం పెట్టడానికి పోయాడని నమ్మి అరుగు మీద రోజూ కూర్చున్న మనిషికి, కొడుకు లుంగీ ఊడిన కథ చెప్పి పోలీసులను నవ్వించడం వినాల్సి వచ్చింది, అదీ సగం. నేను నిజంగానే లోపటికి పోయి ఉంటే ఆయనకు కనీసం గర్వం మిగిలేది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను అనే మాట అందరం వాడతాం. ఆ వంతెన పక్కన నేను నిజంగానే చచ్చిపోతే బాగుండుననుకున్నాను.

బాపు నా మోచెయ్యి పట్టుకుని తన కుడిపక్కకు జరిపాడు. తల కొంచెం వంచి, చెవి నా వైపు పెట్టాడు.

"చెప్పు కొడుకా. గా నీళ్లు నిజంగనే గంత సాఫ్ ఉంటయా? చేపలు మనిషిని సూసి బెదరయా?"

ఠాణాలో అంతసేపు గలగలా చెప్పినవాణ్ణి, ఇల్లు చేరేదాకా బాపు చెవి పక్కన ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను.